పొత్తిళ్ల నుండి బొమ్మరింటి దాకా



షార్జాలో మా అమ్మాయి ఇంట్లో ఒక పాత గుడ్డముక్క ఉన్నది. ఒకప్పుడది నా నూలు చీర కొంగు. నేడు దానికి రంగు లేదు, అంచు లేదు. ఒక మూల నమిలి నమిలి పీచుగా మారినది. నాలుగేళ్ల మా మనుమరాలు దానికి "జుజ్జి" అని పేరు పెట్టుకొన్నది. ఆ పేరు ఆమెకు ఎవరూ నేర్పలేదు. జుజ్జి లేనిదే ఆమె నిద్రపోదు, విమానమెక్కదు, వైద్యుని ముందు నోరు తెరవదు.

మొన్న వేసవి సెలవులకు ముందు ఇల్లు సర్దుతూ మా అమ్మాయి జుజ్జిని పారవేయవలసిన సంచిలో వేసినది. "అమ్మా, వచ్చే ఏడు పెద్ద బడికి పోవలసిన పిల్ల. ఈ చింకిగుడ్డ పట్టుకొని తిరిగితే నలుగురూ ఏమనుకొంటారు?" అన్నది. నేను దానిని సంచిలో నుండి తీసి, "కొంచెం ఆగమ్మా, నీకు చెప్పవలసినది ఒకటున్నది" అన్నాను. ఆ వేళకు సరిగా చెప్పలేకపోయాను. ముప్పది ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినదానను. మా అమ్మాయి అన్న మాటనే నేనూ ఎందరో తల్లులతో అన్నాను. కనుక ఈ వ్యాసం మా అమ్మాయికి సమాధానమూ, నాకు నేను చెప్పుకొన్న పాఠమూ.

పాత బట్టలో మొదలయ్యే జీవితం

మన పిల్లలకు "పొత్తిళ్లు" అన్న మాట చెప్పి చూడండి. చాలామందికి తెలియదు. పురిటిబిడ్డను చుట్టే మెత్తని గుడ్డలను పొత్తిళ్లు అంటారు. తెలుగు ఇళ్లలో పుట్టిన బిడ్డకు వెంటనే కొత్త బట్ట వేసేవారు కారు. అమ్మమ్మ చీరో, తాతగారి పంచో చింపి, ఉతికి, ఎండలో ఆరబెట్టి, దానిలో బిడ్డను చుట్టేవారు. పురుడు వెళ్లి, నామకరణం నాటికి గాని కొత్త బట్ట ఒంటిమీదికి వచ్చేది కాదు. పేదరికం దీనికి కారణమని అనుకోరాదు. కలిగినవారి ఇళ్లలోనూ ఈ ఆచారమే ఉండేది. కొత్త నూలులో గంజి ఉంటుంది, గరుకు ఉంటుంది. నూరుసార్లు ఉతికిన బట్ట బిడ్డ చర్మాన్ని గీరదు. అంతేకాక నిండు జీవితం గడిపిన పెద్దల బట్టలో బిడ్డను చుడితే ఆ ఆయుష్షు బిడ్డకూ వస్తుందని పెద్దలు నమ్మేవారు.

పొత్తిళ్ల తరువాత ఉయ్యాల. దూలానికి కట్టిన పాత చీరే ఉయ్యాల. ఇంటి పనులు చేసుకొంటూ తల్లి కాలితో ఒక్క ఊపు ఊపితే చాలు, ఆ చీర బిడ్డను నలువైపులా ఒడిసి పట్టుకొనేది. ఉయ్యాల దిగిన బిడ్డకు బొంత. చిరిగిన చీరలను, పంచెలను పొరలు పొరలుగా పరచి, అంచు నుండి అంచుకు దారంతో దూరపు కుట్లు వేస్తే బొంత అవుతుంది. లోపలి పొరలలో బాగా చిరిగినవి, పైపొరలో కాస్త గట్టివి. ఒక బొంత విప్పి చూస్తే ఆ ఇంటి చరిత్ర పొరలుగా కనిపిస్తుంది. ఇది పెద్దత్త పెండ్లిచీర, ఇది తాత పైపంచ, ఇది పోయిన ఏడు జాతరకు కొన్న లంగా. పిల్లలు రాత్రిపూట తమకు నచ్చిన ముక్కను వేళ్లతో వెతుక్కొని దానిని పట్టుకొని నిద్రపోయేవారు.

పేరు వేరైనా జుజ్జి ఈ వంశానిదే.

ఓడ జాబితాలో లేనివి

నేను దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో పుట్టినదానను. మా పూర్వులు కూలి ఒప్పందంపై ఓడ ఎక్కినవారు. 1860 అక్టోబరు నెలలో మద్రాసు రేవు నుండి "ట్రూరో" అనే ఓడ బయలుదేరి, నవంబరు 16వ తేదీన డర్బన్ చేరినది. చెరకు తోటల పనికి నాటాల్‌కు వచ్చిన మొదటి ఓడ అదే. అప్పటి నుండి 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఆ విధంగా నాటాల్ చేరినారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుండి వచ్చినవారే. విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అందులో ఉన్నారు. నేటి చిత్తూరు ప్రాంతం నాడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. మా ముత్తవ్వ అక్కడిది.

ఒప్పందం ఐదేండ్లది. మొదటి ఏడు మగవారికి నెలకు 10 షిల్లింగులు, ఆపై ఏటా ఒక్కొక్క షిల్లింగు పెంపు. ఆడవారికి అందులో సగం. చేయి ఆడినంత పిల్లలూ పని చేసేవారు.

ప్రతి ఓడకు ఒక జాబితా ఉండేది. ఆ జాబితాలు నేటికీ భద్రంగా ఉన్నవి. మనిషికొక సంఖ్య. ఆపై పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. ఎవరి మోచేతిపై మచ్చ ఉన్నదో, ఎవరి నుదుట పచ్చబొట్టు ఉన్నదో అందులో రాసి ఉంటుంది. చంటిపిల్లలకూ సంఖ్యలు ఉన్నవి. మా ముత్తవ్వ పేరును నేను మొదటిసారి ఆ జాబితాలో చూచిన నాడు చాలాసేపు కదలలేకపోయాను. ఆమె ఎత్తు తెలిసినది, మచ్చ తెలిసినది. ఆమె చంకలోని మూటలో ఏమున్నదో మాత్రం ఎవరూ రాయలేదు.

ఆ మూటలో ఒక చీర ఉన్నదని మాకు తెలుసు. జాబితా చెప్పని ఆ సంగతి మా అవ్వ చెప్పినది. ఓడలో ఆ చీర పక్క అయినది. తోటలోని కూలీల వరుస గదులలో ఉయ్యాల అయినది. చివరకు ఒక బొంతలో లోపలి పొర అయినది. పై పొరలకు చీరలు చాలక, మొక్కజొన్న పిండి వచ్చే నూలు సంచులను ఉతికి వేసినారు. అచ్చు అక్షరాలు పూర్తిగా పోలేదట. నా తండ్రి తరం పిల్లలు ఆ బొంత మీది అక్షరాలను వేలితో దిద్దుతూ నిద్రపోయినారు. వారు చూచిన మొదటి అక్షరాలు అవే. అవి ఆంగ్లాక్షరాలు; కుట్లు మాత్రం తెలుగువి.

నాటాల్‌లో బాల్యం చాలా చిన్నదని మరొక లెక్క చెబుతుంది. ఒప్పందం ముగిసిన తరువాత స్వదేశానికి పోక, తిరిగి ఒప్పందం చేసుకొనక అక్కడే ఉండిపోయినవారిపై 1895లో ఒక చట్టం ఏటా 3 పౌండ్ల పన్ను నిర్ణయించినది. తరువాత ఆ పన్నును వారి పిల్లలకూ వర్తింపజేసినారు. మగపిల్లవానికి 16 ఏండ్లు, ఆడపిల్లకు 13 ఏండ్లు నిండితే చాలు. 3 పౌండ్లు అంటే 60 షిల్లింగులు. మొదటి ఏటి కూలి లెక్కన ఆరు నెలల సంపాదన. పదమూడేండ్ల పిల్ల ఆ చట్టం కంటికి పెద్ద మనిషి. 1913లో గాంధీజీ పిలుపుపై వేలాది కూలీలు సమ్మె చేసిన తరువాత, 1914లో ఆ పన్ను రద్దయినది. చట్టం పిల్లలను పెద్దలుగా లెక్కించిన ఆ కాలంలో వారిని రాత్రిపూట మళ్లీ పిల్లలుగా ఉంచినది ఒక పాత బొంత.

నేను చేసిన పొరపాటు

ఆ బొంత నేడు లేదు. 1950 నాటి ప్రత్యేక నివాస ప్రాంతాల చట్టం కింద డర్బన్‌లోని కేటో మేనర్ వంటి చోట్ల స్థిరపడిన భారతీయ కుటుంబాలను ఖాళీ చేయించినారు. 1960ల నుండి చాట్స్‌వర్త్ అనే కొత్త పేటకు వేలాది ఇళ్లు తరలినవి. మా ఇల్లూ తరలినది. నాకు అప్పుడు ఐదారేండ్లు. బండిలో చోటు తక్కువ. నాన్న బొంతను చూచి, "ఈ కూలి గుడ్డ కొత్త ఇంటికెందుకు?" అన్నారు. అవ్వ మారు మాట్లాడలేదు. ఆ రాత్రి కొత్త ఇంట్లో, కొత్త దుప్పటి కింద నాకు నిద్ర పట్టలేదు. నాన్నను నేను తప్పు పట్టను. పేదరికాన్ని వెనుక విడిచిపెట్టాలని ఆయన కోరిక. దానితో పాటు ఏమి విడిచిపెడుతున్నామో ఆయనకు తెలియలేదు.

నాకు మాత్రం తెలిసి ఉండవలసినది. అయినా ఉపాధ్యాయినిగా కొత్తలో నేనూ అదే పని చేసినాను. మొదటి తరగతిలో ఒక పిల్లవాడు తల్లి తలగుడ్డ ముక్కను జేబులో పెట్టుకొని వచ్చేవాడు. తరగతిలో అందరికంటె చక్కగా బొమ్మలు వేసేవాడు. ఎడమచేత ఆ గుడ్డ, కుడిచేత రంగు బలపం. శుభ్రత పేరు చెప్పి ఒకనాడు నేను ఆ గుడ్డను తీసుకొని బీరువాలో పెట్టి తాళం వేసినాను. సాయంత్రం తిరిగి ఇచ్చినాను. మరునాటి నుండి వాడు గుడ్డ తేలేదు. నేను గెలిచినానని అనుకొన్నాను. ఆ తరువాత రెండు వారాలు వాడు బొమ్మ వేయలేదు. తల్లి ఆసుపత్రిలో ఉన్నదని నాకు తరువాత తెలిసినది.

ఆ గుడ్డకూ ఆ బొమ్మలకూ ఏమి సంబంధమని ఆలోచిస్తూ చదువగా, ఆంగ్ల శిశువైద్యుడు డోనాల్డ్ వినికాట్ రచన నా కంటబడినది. ఆయన పిల్లల వైద్యుడే కాక మనోవిశ్లేషకుడు కూడా. 1951లో ఒక సభలో చదివి, 1953లో ప్రచురించిన వ్యాసంలో ఆయన పిల్లల చింకిగుడ్డలను గురించి గంభీరంగా ఆలోచించినాడు. తల్లి ఎదుట లేనప్పుడు, తల్లికీ తనకూ నడుమ వంతెనగా బిడ్డ ఒక వస్తువును తానే ఎన్నుకొంటుంది. అది దుప్పటి అంచు కావచ్చు, మెత్తని బొమ్మ కావచ్చు. దానిని ఉతికితే ఆ వాసనతో పాటు బిడ్డ అనుభవంలోని కొనసాగింపు తెగిపోతుంది; ఇది తల్లికి చెప్పకయే తెలుసు. కాలం వచ్చినప్పుడు ఆ వస్తువు దానంతటదే పక్కకు తప్పుకొంటుంది. బిడ్డ దానికై ఏడవదు. ఎందుకంటే ఆ గుడ్డలో నేర్చుకొన్నది అప్పటికే ఆటలోకి, ఆపై కళలోకి, భక్తిలోకి పాకి ఉంటుంది. ఇది ఆయన వాదన.

అనగా ఒక గుడ్డముక్కను "ఇది నాది, ఇది ప్రాణమున్నది" అని ఊహించగలిగిన బిడ్డయే తరువాత కొయ్యముక్కను గుర్రమని, ఇసుకను అన్నమని ఊహించగలుగుతుంది. నేను ఆనాడు బీరువాలో పెట్టినది ఒక గుడ్డ మాత్రమే కాదు.

తల్లి పక్కలో పడుకొనే పిల్లలకు ఇటువంటి వస్తువులపై మక్కువ తక్కువగా ఉంటుందని తరువాతి పరిశీలకులు గమనించినారు. మన పాత ఇళ్లకు ఇది సరిపోతుంది. అక్కడ అవ్వ ఒడి, అమ్మ కొంగు, అందరి బొంత ఒక్కచోటనే ఉండేవి. నేడు ఇక్కడి అపార్టుమెంట్లలో మనం పిల్లలకు వేరే గది, వేరే మంచం ఇస్తున్నాము. గది ఇచ్చి గుడ్డను లాగుకొనడం న్యాయం కాదు.

గుడ్డ నుండి బొమ్మకు

తెలుగు బాల్యంలో ఆ ఊహ ఎంత దూరం పోయినదో మన మాటలే చెబుతాయి. పిల్లలు ఇసుకతో, ఆకులతో ఆడే వంట ఆటకు "గుజ్జనగూళ్లు" అని పేరు. పుల్లలతో, మట్టితో కట్టుకొనే ఆట ఇంటికి "బొమ్మరిల్లు" అని పేరు. తాటికాయ బుర్రలను పుల్లకు గుచ్చితే బండి. చింతపిక్కలతో వామనగుంటలు, గులకరాళ్లతో అచ్చనగాయలు. ఇందులో ఏదీ అంగడిలో కొన్నది కాదు. ఇంటివారు పనికిరాదని విడిచినవన్నీ పిల్లల చేతిలో పనికివచ్చినవే.

కొన్న బొమ్మలకు కూడా మన నేలలో గొప్ప చరిత్ర ఉన్నది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరున్నది. అక్కడ మెత్తని అంకుడు కర్రను తరిణె పట్టి తిప్పుతూ, తిరుగుతున్న కర్రకు రంగు లక్కను ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకొని నునుపు తేలుతుంది. పసుపు, నీలిమందు, జాఫరా గింజల వంటి ప్రకృతి రంగులను లక్కతో కలిపే పద్ధతిని అక్కడ మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి. వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ పురస్కారం లభించినది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. రంగుల విషయంలో అంత శ్రద్ధ ఎందుకని మా మనుమరాలు అడిగినది. "నీవు జుజ్జిని ఏమి చేస్తావమ్మా?" అన్నాను. "నోట్లో పెట్టుకొంటాను అవ్వా" అన్నది. అదే సమాధానం. పసిపిల్లలు నోటితో లోకాన్ని తెలుసుకొంటారు. లక్కపిడతలు ఎందరి పాలపళ్ల గుర్తులు మోసినవో!

కృష్ణాతీరాన కొండపల్లిలో తెల్లపొణికి కర్ర మరింత తేలిక. కాళ్లు, చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏనుగు అంబారీ, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, దశావతారాలు, ఎడ్లబండి. పల్లె అంతా ఒక బల్లమీదికి వస్తుంది. ఈ బొమ్మలన్నిటికీ ఏడాదికొకసారి కొలువు. కొన్ని ఇళ్లలో దసరాకు, కొన్ని ఇళ్లలో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. కొలువులో కొత్త బొమ్మ పక్కనే అమ్మమ్మ నాటి ముక్కు విరిగిన బొమ్మ నిలబడుతుంది. అరిగిన బొమ్మను దాచిపెట్టక అందరి ఎదుట మెట్టుమీద కూర్చోబెట్టడం మన పండుగలోని సంస్కారం.

డర్బన్‌లో మాకు ఏటికొప్పాక లేదు, కొండపల్లి లేదు. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడి, భాష నిలుపుకొనే పూనిక పెరిగినది. నేను పగలు ఆంగ్లపు బడికి, సాయంకాలం తెలుగు తరగతికి పోయి అక్షరాలు నేర్చుకొన్నాను. 1947 జూలైలో మద్రాసులో మొదలైన "చందమామ" పాత సంచిక ఒకటి మా తరగతిలో చేతులు మారుతూ ఉండేది. అట్ట ఊడిపోయినది, చివరి కథకు ముగింపు పుట లేదు. ఆ ముగింపును మేము ఒక్కొక్కరం ఒక్కొక్క విధంగా కల్పించి చెప్పేవారము. నా జీవితంలో నేను తెలుగులో స్వయంగా కల్పించిన మొదటి వాక్యాలు అవే. అరిగిన పుస్తకం పూర్తి పుస్తకం కంటె ఎక్కువ నేర్పినది.

ఈ ఎడారి తీరంలో

ఈ దేశపు అవ్వలకు కూడా ఈ విద్య తెలుసు. గొర్రె, మేక, ఒంటె వెంట్రుకలను వడికి బదూ స్త్రీలు నేసే "సదూ" నేతతో గుడారాలు, దిండ్లు, ఒంటెల అలంకారాలు తయారయ్యేవి. యునెస్కో 2011లో దానిని వెంటనే కాపాడవలసిన సంప్రదాయాల జాబితాలో చేర్చినది. దుస్తుల అంచులకు అల్లే "తల్లీ" అనే జరీ అల్లికకు 2022లో యునెస్కో గుర్తింపు వచ్చినది. మన చెవికి ఆ పేరు ఎంత దగ్గరగా వినిపిస్తుందో! అర్థం వేరు, చేసిన చేతులు మాత్రం తల్లులవే. షాబాన్ నెల నడుమ "హక్ అల్ లైలా" నాటి సాయంకాలం పిల్లలు మెడలో గుడ్డసంచులు వేసుకొని పాటలు పాడుతూ ఇంటింటికీ పోతారు. పెద్దలు ఆ సంచులలో మిఠాయిలు, పప్పులు పోస్తారు. మా వీధిలో ఆ సంచులను చూచినప్పుడు మన భోగిపళ్లు గుర్తుకు వచ్చినవి. ఇంట్లో కుట్టిన సంచిని దాచుకొనే బిడ్డ ఏ ఇంట పుట్టినా ఒక్కటే.

తెలుగు బట్ట ఈ సముద్రానికి కొత్తది కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు మచిలీపట్నం రేవు నుండి ఓడలు పారసీక తీరంలోని బందర్ అబ్బాస్‌కు నూలు వస్త్రాలు తెచ్చేవి. బట్ట ముందు వచ్చినది, మనుషులు తరువాత వచ్చినారు. నేడు కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు వచ్చి కష్టపడేవారు ఎందరో. వారిలో చాలామంది పిల్లలు ఊరిలోనే, అవ్వ దగ్గర ఉన్నారు. మన గుడిలో కలిసిన ఒక తల్లి నాతో చెప్పినది. ఇంటి పనికి వస్తూ ఆమె తన చీరను ఉతకకుండా బిడ్డ పక్కలో పెట్టి వచ్చినదట. "ఫోనులో నా ముఖం చూస్తాడు టీచరమ్మా, కానీ పడుకొనేది ఆ చీర మీదనే" అన్నది. ఆమె వినికాట్‌ను చదవలేదు. మా ముత్తవ్వ కూడా చదవలేదు.

మన పిల్లలు అదృష్టవంతులు. తల్లిదండ్రుల దగ్గరే ఉన్నారు. వారికి ఆటవస్తువులకు కొదువ లేదు. కాని అరిగిపోయేంతవరకు ఒక వస్తువును ప్రేమించే అవకాశం మనం వారికి ఇస్తున్నామా? పుట్టినరోజుకు వచ్చిన పది బొమ్మలు మరుసటి పుట్టినరోజుకు చెత్తబుట్టలో ఉంటే, దేనికీ పేరు పెట్టే తీరిక బిడ్డకు దొరకదు.

అందుకే తల్లిదండ్రులకు చిన్న మనవి. ఈ సెలవులలో ఊరికి పోయినప్పుడు అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి ఒక పాత నూలు చీర తెచ్చుకొనండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని ఒక చిన్న బొంత కుట్టండి. కుట్లు వంకరగా వచ్చినా పరవాలేదు. ప్రతి ముక్క ఎవరిదో, ఏ ఊరిదో కుట్టుతూ తెలుగులో చెప్పండి. పొత్తిళ్లు, కొంగు, అంచు, పొర, కుట్టు, దారం: ఈ ఆరు మాటలు పలకపై రాయించి నేర్పడం కంటె అలా నేర్పడం సులభం. పాఠం మరచినా బొంత మరువరు.

మా అమ్మాయి ఈ వ్యాసపు చిత్తుప్రతి చదివినది. ఏమీ అనలేదు. మరునాడు నా గదిలోకి వచ్చి, "అమ్మా, నాకు చిన్నప్పుడు అటువంటిది ఏమైనా ఉండేదా?" అని అడిగినది. ఉండేది. ఒక నీలం దిండుగలేబు. ఆమెకు ఆరేండ్లు రాగానే నేనే పారవేసినాను. ఆ మాట చెప్పడానికి నాకు కొంతసేపు పట్టినది. ఆమె విని, పోయి, పారవేయవలసిన సంచి నుండి తీసి నేను దాచిన జుజ్జిని తానే తీసుకొని, చిరిగిన మూలకు నాలుగు కుట్లు వేసి, ఉతకకుండా, మనుమరాలి దిండు కింద పెట్టినది.